ఒక వేప దుంగ, పద్నాలుగు గిన్నెలు, ఐదు పగుళ్లు

పోయిన సంవత్సరం మే నెల మధ్యలో ఒక రాత్రి వీచిన గాలివానకి మా కాలనీ పార్కు పక్కనున్న వేపచెట్టు వేళ్ళతో సహా పడిపోయింది. తెల్లారేసరికి కొమ్మలు కొట్టేసి రోడ్డు ఖాళీ చేశారు, మాను మాత్రం అక్కడే ఉండిపోయింది. వాకింగ్‌కి వెళ్ళిన నేను దాన్ని చూసి వాకింగ్ సంగతి మర్చిపోయి మా లేత్ (కర్రని గిర్రున తిప్పుతుంటే ఉలితో చెక్కే యంత్రం) గ్రూపులో ఫోటో పెట్టాను. పది నిమిషాల్లో ఆరుగురు ఫోన్ చేశారు. అసోసియేషన్ వాళ్ళని ఒప్పించి, ఒక ట్రాలీ ఆటో మాట్లాడి, ఆదివారం పొద్దున్నకల్లా దాన్ని షెడ్డుకి చేర్చాం. మోటారు రంపంతో కోస్తే గిన్నెలకి పనికొచ్చే ముక్కలు పద్నాలుగు వచ్చాయి. వాటిలో తొమ్మిది ఇవాళ మంచి గిన్నెలుగా ఉన్నాయి, ఐదు పగిలిపోయాయి. ఆ ఐదింట్లో ఒకటి పూర్తిగా నా తెలివితక్కువ వల్ల పోయింది. ఆ లెక్కంతా రాసిపెడదామనే ఇది.

ముందు మా సంగతి. హైదరాబాద్‌లో, సైనిక్‌పురి వైపు, ఒకాయన ఇంటి వెనక రేకుల షెడ్డు. మేం తొమ్మిది మందిమి. నేను సాఫ్ట్‌వేర్, ఒకరు పళ్ళ డాక్టరు, ఒక మేడమ్ బ్యాంకులో రిటైరయ్యారు, ఇద్దరు ఇంజినీరింగ్ కుర్రాళ్ళు, ఇలా ఒకరితో ఒకరికి సంబంధం లేని జనం. గ్రూపు మొదలుపెట్టినాయన డాలస్‌లో పన్నెండేళ్ళు ఉండి వచ్చాడు, అక్కడి టర్నింగ్ క్లబ్బులో నేర్చుకున్నాడు. అమెరికాలో 1986లో మొదలైన వుడ్‌టర్నర్ల సంఘం ఒకటుంది, దానికి ఊరూరా క్లబ్బులు. నెలకోసారి కలవడం, చేసినవి బల్ల మీద పెట్టి అందరిచేతా తిట్టించుకోవడం అక్కడి పద్ధతి. ఆ బల్ల అలవాటు ఇక్కడికి ఆయనే తెచ్చాడు. మా దగ్గర తిట్లు కొంచెం ఎక్కువ.

ఇంకొకరు, అసలు మనిషి, మా పెద్దాయన. డెబ్భై దాటాయి. ఊరు అనకాపల్లి పక్కన. చిన్నప్పుడే హైదరాబాద్ వచ్చి నలభై ఏళ్ళు ఫర్నిచర్ షాపులకి మంచం కోళ్ళు, మెట్ల రెయిలింగు కడ్డీలు లేత్ మీద తిప్పారు. మాకిది హాబీ, ఆయనకి అన్నం పెట్టిన పని. ఆయన ముందు మేం గిన్నె తిప్పుతుంటే సంగీతం మాస్టారి ముందు బాత్‌రూమ్ పాట పాడినట్టుంటుంది. అయితే గిన్నెలు ఆయనకీ కొత్తే. కోళ్ళకి, కడ్డీలకి నార లేత్ పొడుగునా ఉంటుంది, గిన్నెకి అడ్డంగా ఉంటుంది. అంటే ఒక్క చుట్టు తిరిగేలోపు ఉలికి రెండుసార్లు నార అనుకూలంగా, రెండుసార్లు ఎదురుగా తగులుతుంది. వేపలో నార మెలిక తిరిగి కూడా ఉంటుంది కాబట్టి పీకుడు ఎక్కువ. గిన్నె ఎండడం కూడా కోడు ఎండినట్టు ఉండదు. ఈ కథంతా దాని చుట్టూనే.

పచ్చి కర్రనే ఎందుకు తిప్పాలి, ఎండిన చెక్క కొనుక్కోవచ్చుగా అని మా ఆవిడ అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. పది అంగుళాల గిన్నెకి నాలుగంగుళాల మందం దిమ్మ కావాలి, అంత మందం చెక్క చీలకుండా లోపలిదాకా ఎండాలంటే ఏళ్ళు పడుతుంది. అందుకని పచ్చిగా ఉన్నప్పుడే మోటుగా గిన్నె ఆకారం తీసి, గోడ మందంగా వదిలి, ఆరు నెలలో ఎనిమిది నెలలో ఎండనిచ్చి, అది వంకర పోయాక మళ్ళీ లేత్ ఎక్కించి గుండ్రం చేస్తారు. రెండుసార్లు తిప్పడం అంటారు దీన్ని. గోడ మందం వ్యాసంలో పదో వంతు ఉండాలని లెక్క, అంటే 250 మిల్లీమీటర్ల గిన్నెకి 25. ఎండితే కర్ర నార పొడుగునా దాదాపు తగ్గదు, అడ్డంగా తగ్గుతుంది. మా ఒకటో నంబరు గిన్నె ఎనిమిది నెలల తర్వాత ఒకవైపు 250 అలాగే ఉంది, రెండో వైపు 241కి వచ్చింది. ఆ తొమ్మిది మిల్లీమీటర్ల వంకరని మళ్ళీ గుండ్రం చేసుకోవడానికే గోడలో ఆ మిగులు. ఈ లెక్క తెలియక నా మొదటి గిన్నెలు పచ్చిగానే పల్చగా తిప్పేసి, నెలకి అవి గుడ్డు ఆకారానికి వస్తే కర్ర మంచిది కాదని తిట్టుకునేవాణ్ణి.

ఆ ఆదివారం జరిగింది ఇదీ. మాకున్న లేత్‌లు రెండే, ఒకటి పెద్దది, ఒకటి పెన్నులూ బొంగరాలూ తిప్పుకునే చిన్నది. సాయంత్రానికి ఎనిమిది గిన్నెలు మోటుగా తీయగలిగాం. పచ్చి వేప ఉలికి తగులుతుంటే పొట్టు పొడుగాటి రిబ్బన్లలా వచ్చి మీద పడుతుంది, చేతులకి చేదు, ఇంటికెళ్ళి మామిడిపండు తిన్నా చేదే. మిగిలిన ఆరు దిమ్మలకి చివరలకి తెల్ల జిగురు పూసి, షెడ్డు బయట రేకు నీడలో పెట్టి వెళ్ళిపోయాం. పెద్దాయన వెళ్తూ వెళ్తూ వాటిని చూసి, "ఏటి బాబూ, ఈటినిలా బైట ఒగ్గేస్తారేటి, గోనెసంచి తడిపి కప్పండి" అన్నారు. అందరం తల ఊపాం. ఎవరూ కప్పలేదు. నువ్వు కప్పుతావని నేను, నేను కప్పుతానని నువ్వు.

హైదరాబాద్ మే నెల ఎండ సంగతి చెప్పక్కర్లేదు. నీడ ఉన్నది పొద్దున మాత్రమే, మధ్యాహ్నం రెండింటికి సూర్యుడు ఆ మూలకి వస్తాడని వారం తర్వాత తెలిసింది. అప్పటికి ఆరింట్లో మూడింటి చివరల్లో వెంట్రుక సన్నం పగుళ్ళు.

నంబర్లు వేసుకున్నాం. 1 నుంచి 8 దాకా ఆ రోజే తీసినవి, 9 నుంచి 14 దాకా వారం ఆగి తీసినవి. పుస్తకం పెట్టాలన్నది పళ్ళ డాక్టరు గారి ఐడియా. వంటింటి డిజిటల్ కాటా ఒకటి కొని, ప్రతి గిన్నె అడుగున పెన్సిల్‌తో నంబరు, తేదీ, బరువు రాసి, చీట్లు తీసి పంచుకున్నాం. ఐదుగురికి రెండేసి, నలుగురికి ఒక్కోటి. ఎవరింట్లో వాళ్ళు ఎండబెట్టుకుని, ఆదివారం ఆదివారం బరువు తూచి గ్రూపులో పెట్టాలి. అప్పుడు ఆలోచించలేదు కానీ, ఒకే దుంగని తొమ్మిది ఇళ్ళలో తొమ్మిది రకాలుగా ఎండబెట్టడమంటే మంచి ప్రయోగమే అయింది.

ఇప్పుడు పోయినవాటి సంగతి.

మూడో నంబరు నాది. మంచి గిన్నె, అడుగు దగ్గర చేవ ఎర్రగా, అంచు దగ్గర తెల్లచెక్క, గోడ అంతటా సమానంగా 25. తెచ్చి బెడ్‌రూములో కాదు, పిల్లలు ఆడతారని హాల్లోనూ కాదు, ఫ్రిజ్ మీద పెట్టాను. ఎత్తుగా ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు అనుకున్నా. మా ఫ్రిజ్ పైన ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది. పైన సీలింగ్ ఫ్యాన్. సాయంత్రం నుంచి ఏసీ. పేపర్ కవర్లో పెట్టమని డాలస్ ఆయన చెప్పాడు, పెట్టలేదు, చూసుకోవాలనిపించింది కదా. మొదటి రోజు 1,690 గ్రాములు. వారానికి 1,385. మూడొందల గ్రాముల నీళ్ళు పోయాయి, త్వరగా ఎండుతోందని సంతోషంగా గ్రూపులో పెట్టాను కూడా. మిగతావాళ్ళవి 110 నుంచి 170 మధ్య తగ్గాయి. పెద్దాయనకి ఆ కుర్రాళ్ళలో ఒకడు ఫోన్‌లో చదివి వినిపిస్తే "సారు గిన్నె ఎండట్లేదు, ఏగుతోంది" అన్నారట. పదో రోజు రాత్రి టప్‌మని చప్పుడొచ్చింది. అంచు నుంచి కిందకి నాలుగు అంగుళాల చీలిక.

ఎందుకు పగిలిందో చెప్పడం తేలికే. కర్రలో నీళ్ళు రెండు రకాలుగా ఉంటాయి. గొట్టాల్లో ఊరికే నిండి ఉన్న నీళ్ళు పోతే బరువు తగ్గుతుంది గానీ కర్ర ముడుచుకోదు. ఆ గొట్టాల గోడల్లోనే ఇంకి ఉన్న నీళ్ళు పోవడం మొదలైతే, అంటే తేమ సుమారు 30 శాతం కిందకి దిగాక, ముడుచుకోవడం మొదలవుతుంది. పైపొర త్వరగా ఎండి ముడుచుకుంటుంటే లోపల ఇంకా నీళ్ళతో ఉబ్బి ఉంటుంది. పైపొర బిగుతు చొక్కాలా అయిపోతుంది, ఎక్కడో ఓచోట కుట్టు తెగాలి. పేపర్ కవరు, దాని లోపల అదే గిన్నె పొట్టు, ఈ రెండూ చేసే పని లోపలికీ పైకీ మధ్య తేడా పెరగకుండా చూడటం. మందు లేదు మాయ లేదు, గాలిని ఆపడమే.

ఏడో నంబరుది వేరే కథ. ఇంజినీరింగ్ కుర్రాళ్ళలో ఒకడిది. కవరులోనే పెట్టాడు, మంచం కింద పెట్టాడు, బరువు బుద్ధిగా తగ్గింది. మూడో వారం అడుగున నక్షత్రంలా పగిలింది. కొలతలు తీస్తే అంచు 22 మిల్లీమీటర్లు, అడుగు 38. లోతు తెలియక, అడుగు చిల్లు పడుతుందేమోనన్న భయంతో కింద మందంగా వదిలేశాడు. అంచు ముందే ఎండి తన దారిన తను ముడుచుకుంటుంటే అడుగు కదలదు. ఈ భయం అందరికీ ఉంటుంది, నాకిప్పటికీ ఉంది. ఇప్పుడు మేం డ్రిల్ బిట్‌కి టేపు చుట్టి ముందే మధ్యలో లోతు చిల్లు పెట్టుకుంటున్నాం, ఆ చిల్లు మాయమయ్యేదాకా తవ్వితే చాలు.

తొమ్మిది, పది నంబర్లు పగలక తప్పని గిన్నెలు. ఆ రెండు దిమ్మలూ కోసేటప్పుడు పెద్ద గిన్నె వస్తుందన్న ఆశతో బెండుని లోపలే ఉంచేశాం. దుంగ సరిగ్గా మధ్యలో ఉండే మెత్తని చుక్క అది. వలయాల వెంబడి కర్ర ముడుచుకునేది, బెండు నుంచి బయటకి ముడుచుకునే దానికి దాదాపు రెట్టింపు. చుట్టుకొలత తగ్గుతానంటుంది, వ్యాసార్ధం తగ్గనంటుంది, బెండు లోపలుంటే ఆ తగాదా తీరే దారి లేదు, చీలాల్సిందే. తొమ్మిదో నంబరు మొదటి వారం 130 గ్రాములే తగ్గింది, అంటే ఎండబెట్టడంలో తప్పేమీ లేదు, అయినా చీలింది. నేను ఈ ఒక్క అంకె దగ్గరే చాలాసేపు ఆగిపోయాను, ఎందుకంటే అప్పటిదాకా మెల్లగా ఎండబెడితే చాలు అన్నీ దక్కుతాయని మాలో సగం మంది నమ్మకం. బెండుకి రెండు పక్కలా ఒక అంగుళం పలక తీసి పారేయాలి. పారేసేటప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది, నిజమే.

మరి ఏటికొప్పాక వాళ్ళు కొమ్మల్ని బెండుతో సహా తిప్పుతారుగా అని కుర్రాడు అడిగాడు. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక పెద్దాయన ఊరికి దూరమేమీ కాదు, అందుకని అందరం ఆయన మొహం చూశాం. అక్కడ వాడేది అంకుడు కర్ర. మెత్తన, సన్న నార. దాన్నీ ఎండబెట్టాకే లేత్ ఎక్కిస్తారు. చేసేవి కుంకుమ భరిణెలు, బొంగరాలు, బొమ్మలు, అంటే చేతిలో ఇమిడేవి. తిరుగుతున్న బొమ్మకి లక్క కణికె ఆనిస్తే రాపిడి వేడికి అది కరిగి అంటుకుంటుంది, మొగలి ఆకుతో రుద్దితే ఆ నిగనిగ వస్తుంది. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పెద్దాయన ఇవన్నీ చెప్పలేదు, "అంకుడేటి, వేపేటి. పిల్లితో పులిని పోలిస్తే ఎలాగ" అని టీ తాగడానికి వెళ్ళిపోయారు.

పన్నెండో నంబరుకి బయట ఎండలో పడిన ఆ వెంట్రుక పగులు ఉంది. పైపైనేలే, తిప్పితే పోతుంది అనుకున్నాం. చివర నుంచి అంగుళం కోసేస్తే పోయేదేమో, కోయలేదు. గిన్నె మోటుగా తీశాక కనపడలేదు కూడా. నెల తర్వాత సరిగ్గా అదే చోట తెరుచుకుంది. పదమూడు, పద్నాలుగులో ఒకదానికీ అలాంటి పగులే ఉంటే మేడమ్ ఒప్పుకోకుండా కోయించారు, గిన్నె ఎనిమిది అంగుళాలకి తగ్గింది, కానీ దక్కింది. మూడో పగులు దిమ్మ బెండువాటిలో ఒకటి, అది ఎలాగూ పోయేదే. తెల్ల జిగురు పనిచేస్తుందా లేదా అని మాలో ఇప్పటికీ వాదన నడుస్తోంది. నేను చెప్పగలిగింది ఒకటే, ఒక్క పూత పల్చగా పూసి ఎండలో వదిలేస్తే చాలదు. ఈసారి కరిగించిన మైనం పూశాం.

ఐదో నంబరుని డాక్టరు గారు అతి జాగ్రత్తకి పోయి పాలిథిన్ కవరులో మూతి కట్టి పెట్టారు. పగల్లేదు. బూజు పట్టి నల్లటి మచ్చలు దిగిపోయాయి, వాసన కూడా. తిప్పితే కొంత పోయింది, ఇప్పుడు దాన్ని వాళ్ళింట్లో ఉల్లిపాయలకి వాడుతున్నారు.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం ఆరో నంబరు, అది పగిలిన గిన్నె కూడా కాదు. డాలస్ ఆయనది. మే నెలలో 1,740తో మొదలై, జూన్‌లో వానలు పడ్డాక మెల్లగా దిగుతూ ఆగస్టు మొదటివారానికి 1,290కి వచ్చింది. తర్వాతి వారం 1,292, ఆ తర్వాత 1,289. బరువు తగ్గడం ఆగిందంటే ఎండినట్టే అన్నది ఆయన అక్కడ నేర్చుకున్న సూత్రం. మాకందరికీ అదే చెప్పాడు కూడా. లేత్ ఎక్కించి, ఆరు మిల్లీమీటర్ల పల్చటి గోడతో, అవిసె నూనె పూసి బల్ల మీద పెడితే మేమంతా చప్పట్లు. ఫిబ్రవరిలో అదే గిన్నె బల్ల మీద పెడితే ఊగుతోంది, ఒక కాలు పొట్టిదైన కుర్చీలా. మూతి గుడ్డు ఆకారం. మిగిలిన గిన్నెల బరువులు చూస్తే అప్పుడర్థమైంది, దాని జత గిన్నె నాలుగో నంబరు ఆగస్టులో దాదాపు అంతే ఉండి, అక్టోబరు నుంచి మళ్ళీ దిగి ఫిబ్రవరికి 1,215 దగ్గర ఆగింది. ఆగస్టులో కర్ర ఎండిపోలేదు, వానాకాలపు గాలితో రాజీపడింది అంతే. గాలిలో తేమ ఎంత ఉంటే కర్ర అక్కడికే దిగి ఆగుతుంది. చలికి హీటర్లు వేసుకునే ఊళ్ళో ఆ సూత్రం ఎలా నడుస్తుందో ఆయనకి తెలుసు, ఇక్కడ మాత్రం బరువు రెండుసార్లు ఆగుతుంది, రెండోసారి ఆగినప్పుడే నమ్మాలి. ఆయన మొదట ఒప్పుకోలేదు. పుస్తకం చూపిస్తే పది నిమిషాలు మాట్లాడలేదు, తర్వాత తనే దాన్ని ఫోటో తీసి పాత క్లబ్బు స్నేహితులకి పంపాడు.

జనవరిలో ఒక ప్రమాదం తప్పింది, అది చెప్పకపోతే ఈ రాత తప్పవుతుంది. మేడమ్ పదకొండో నంబరుని రెండోసారి ఎక్కించారు. గిన్నె అడుగున చక్ (లేత్‌కి గిన్నెని పట్టి ఉంచే బిగింపు) దవడలు పట్టుకునే చిన్న దిమ్మె ఉంటుంది కదా, గిన్నెతో పాటు అదీ ముడుచుకుని గుండ్రం పోతుంది. దాన్ని ముందు సరిచేసుకోవాలి, గిన్నెని తిరగేసి నోటివైపు నుంచి చక్‌కి ఆనించి, వెనక నుంచి లేత్ మొన (సెంటర్)తో బిగించి. అది చేయకుండా దవడలు బిగించాం. బిగించింది నేనే. దవడలు నాలుగింట్లో రెండే సరిగ్గా ఆనాయి. పైగా అంతకుముందు ఎవరో పెన్ను తిప్పిన స్పీడు తగ్గించలేదు. స్విచ్ వేయగానే గిన్నె ఎగిరి ఆవిడ ఫేస్ షీల్డుకి తగిలి రేకు గోడకి కొట్టుకుంది. షీల్డు మీద గీత, గిన్నె అంచుకి సొట్ట, మనిషికి ఏమీ కాలేదు. ఆవిడ కూర్చుని మంచినీళ్ళు తాగి మళ్ళీ లేచి అదే గిన్నె తిప్పారు, నా చేతులు మాత్రం ఆ రోజంతా వణికాయి. వ్యాసం అంగుళాల్లో, స్పీడు నిమిషానికి చుట్లలో, రెండూ గుణిస్తే 6,000 నుంచి 9,000 మధ్య ఉండాలని ఒక లెక్క. పది అంగుళాలకి 600 నుంచి 900. వంకర గిన్నెకి మొదట అంతకన్నా తక్కువే. మా లేత్ అప్పుడు 1,800 దగ్గరుంది. ఇప్పుడు పని అయ్యాక నాబ్ సున్నాకి తిప్పకుండా వెళ్ళినవాళ్ళు వచ్చే ఆదివారం అందరికీ సమోసాలు తేవాలి. నేను రెండుసార్లు తెచ్చాను.

పోయిన నెల నేరేడు దుంగ దొరికింది. ఈసారి బెండు పలక మొదటే తీసేశాం, ఒక్క రోజులో తిప్పగలిగినన్ని ముక్కలే కోశాం, మిగతా దుంగని కోయకుండా మైనం పూసి, తడి గోనెసంచి కప్పాం. కప్పింది పెద్దాయన. మమ్మల్ని నమ్మలేదు.

నా మూడో నంబరుని పారేయలేదు. చీలిక అలాగే ఉంచి పైన నూనె పూసి, మళ్ళీ అదే ఫ్రిజ్ మీద పెట్టాను, కారు తాళాలు వేసుకోవడానికి. ఏప్రిల్‌లో ఆ చీలికలోంచి రూపాయి బిళ్ళ జారి కింద పడుతుంటే మా చిన్నమ్మాయికి అదో ఆట. ఇప్పుడు జూలై, నాలుగు రోజుల నుంచి ముసురు. పొద్దున అది వచ్చి బిళ్ళ దూరట్లేదని కంప్లయింట్ చేసింది.